కార్ఫ్‌బాల్‌లో డిఫెన్స్: బడి పిల్లలకు నేర్పే తీరు

కార్ఫ్‌బాల్‌లో డిఫెండర్ ఎదుటి ఆటగాణ్ని పట్టుకోకూడదు, తొయ్యకూడదు, అతని చేతిలోని బంతిని లాక్కోకూడదు, కొట్టకూడదు. అయినా ప్రపంచంలోని బంతి ఆటల్లో డిఫెన్స్‌కి ఇంత విలువ ఇచ్చినవి అరుదు. డిఫెండర్ సరైన చోట నిలబడి చెయ్యెత్తి ఉండగా విసిరిన బంతి నేరుగా వెళ్లి బుట్టలో పడినా ఆ గోల్ చెల్లదు. బంతిని తాకనక్కర్లేదు, ఎగిరి ఆపనక్కర్లేదు. నిలబడ్డ తీరే గోల్‌ను రద్దు చేస్తుంది. అందుకే ఈ ఆటను బడిలో షాట్‌తో కాకుండా డిఫెన్స్‌తో మొదలుపెట్టడం మేలు. చాలా చోట్ల జరిగేది దీనికి తలకిందులు. మొదటి రోజునే పిల్లలను బుట్ట కింద వరసగా నిలబెట్టి షాట్లు వేయిస్తారు. ఎవరూ అడ్డు లేకుండా వేసిన ఆ షాట్లలో సగం అసలు ఆటలో వేయడానికే వీలుకానివని వాళ్లకు నెల తర్వాత గానీ తెలియదు.

ఆట, మైదానం

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో బడిపంతులుగా పనిచేసిన నికో బ్రూక్‌హౌసెన్ 1902లో ఈ ఆటను రూపొందించాడు. స్వీడన్‌లోని నేస్ అనే చోట ఉపాధ్యాయుల శిక్షణకు వెళ్లినప్పుడు అక్కడ చూసిన ఒక రింగు ఆట అతనికి ఆధారం. తన తరగతిలో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఉండేవారు, కాబట్టి కలిసి ఆడే ఆటే అతనికి కావలసి వచ్చింది. 1920 ఆంట్‌వర్ప్, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో దీన్ని ప్రదర్శన క్రీడగా ఆడారు. అంతర్జాతీయ కార్ఫ్‌బాల్ సమాఖ్య 1933లో ఆంట్‌వర్ప్‌లో ఏర్పడింది. భారతదేశానికి ఈ ఆట కొత్తేమీ కాదు. 1995 ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది న్యూఢిల్లీలోనే. 2023లో తైపీలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆతిథ్య జట్టు ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడింది. ఆసియా పిల్లలు ఈ ఆటలో ఎంత దూరం పోగలరని అడిగేవారికి ఆ ఫైనల్ చాలు.

మైదానం 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. మధ్య గీత దాన్ని రెండు సమాన భాగాలు చేస్తుంది. ఒక్కో భాగంలో ఒక స్తంభం ఉంటుంది. దాన్ని చివరి గీత మీద కాకుండా, మైదానం పొడవులో ఆరో వంతు లోపలికి నాటుతారు. స్తంభం మీద 3.5 మీటర్ల ఎత్తున అడుగు లేని బుట్ట ఉంటుంది. వెనక బోర్డు ఉండదు. డిఫెన్స్ నేర్పేవారు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. బాస్కెట్‌బాల్‌లో బుట్ట వెనక నుంచి ఎవరూ షాట్ వేయరు. ఇక్కడ స్తంభం చుట్టూ ఎటునుంచైనా వేయవచ్చు, తప్పిన బంతి ఎటైనా పడవచ్చు. కాబట్టి డిఫెండర్‌కు వీపు ఆనించుకోవడానికి గోడ లేదు, కాపలా కాయనక్కర్లేని దిక్కూ లేదు.

జట్టుకు ఎనిమిది మంది, నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. వారిలో ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు ఒక భాగంలో అటాక్ చేస్తే, మిగతా నలుగురు రెండో భాగంలో డిఫెన్స్ చేస్తారు. గీత దాటకూడదు. రెండు గోల్‌లు పడగానే పనులు తారుమారవుతాయి. అప్పటిదాకా అటాక్ చేసినవారు డిఫెండర్లు, డిఫెండర్లు అటాకర్లు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, నేలకు కొడుతూ తీసుకుపోకూడదు. పాస్‌తోనే ఆట నడవాలి. ఈ ఏర్పాటులో ఏ పిల్లా "నేను అటాకర్‌ను, డిఫెన్స్ నాకు రాదు" అని తప్పించుకోలేదు. బొద్దుగా ఉన్నవాణ్ని వెనక నిలబెట్టి మరిచిపోయే మన బడి ఫుట్‌బాల్ అలవాటు ఇక్కడ సాగదు.

గోల్‌ను రద్దు చేసే నిలకడ

షాట్‌ను 'డిఫెండెడ్' అని రిఫరీ ప్రకటించాలంటే డిఫెండర్ కొన్ని షరతులు ఒకేసారి నెరవేర్చాలి. అటాకర్‌కు చెయ్యి చాచినంత దూరంలోనే ఉండాలి. ముఖం అటాకర్ వైపు తిరిగి ఉండాలి. బంతిని ఆపడానికి నిజంగా ప్రయత్నించాలి, అంటే చెయ్యి ఎత్తి బంతి దారిలో పెట్టాలి. అటాకర్ కంటే తాను స్తంభానికి దగ్గరగా ఉండాలి. ఇద్దరూ స్తంభానికి బాగా దగ్గరగా, చెరోవైపు ఉన్నప్పుడు మాత్రం చివరి షరతు వర్తించదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా షాట్ స్వేచ్ఛగా వేసినట్టే. అన్నీ ఉన్నాయంటే విజిల్ మోగుతుంది, బంతి డిఫెన్స్ జట్టుకు వస్తుంది.

చదవడానికి సులువుగా ఉన్నా, ఈ షరతులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. చెయ్యి దూరంలో ఉండాలంటే దగ్గరకు జరగాలి. దగ్గరకు జరిగితే అటాకర్ ఒక్క అడుగు పక్కకు వేసి, భుజం దాటి, స్తంభం వైపు పరుగెత్తి ఆ పరుగులోనే పాస్ అందుకుని షాట్ వేస్తాడు. ఈ పరుగు షాట్‌కు భయపడి వెనక్కి తగ్గితే, దూరం పెరిగి నిలబడి వేసే షాట్‌కు దారి దొరుకుతుంది. డిఫెండర్ పనంతా ఈ రెండు ప్రమాదాల నడుమ క్షణక్షణం అడుగు సరిచేసుకోవడమే. దీన్ని మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు. ఒక్కసారి మోసపోతే ఎక్కుతుంది.

ఇంకొక సంగతిని శిక్షకులు తేలిగ్గా వదిలేస్తారు. 'చెయ్యి దూరం' అంటే డిఫెండర్ సొంత చెయ్యి దూరం. పొడుగు చేతుల పిల్లాడు కాస్త వెనక నిలబడినా షరతు తీరుతుంది. పొట్టి పిల్ల మరింత దగ్గరగా ఉండాలి, అంటే ఆమె పాదాలు మరింత చురుగ్గా కదలాలి. ఒకే దూరాన్ని సుద్దముక్కతో గీసి అందరినీ అక్కడే నిలబెట్టడం తప్పు. ఎవరి దూరం వాళ్లు కొలుచుకోవాలి.

చేతి విషయంలో గీత సన్ననిది. బంతి పోయే దారిలో చెయ్యి పెట్టి, తగిలితే తగలనివ్వడం న్యాయమే. విసురుతున్న చేతి మీద కొట్టడం, చేతిలోని బంతిని తట్టడం తప్పు. తప్పు వల్ల ఖాయమైన గోల్ అవకాశం పోయిందనుకుంటే రిఫరీ పెనాల్టీ ఇస్తాడు. స్తంభానికి 2.5 మీటర్ల దూరం నుంచి ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్ అది. ఆత్రం ఎక్కువైన డిఫెండర్ జట్టుకు నష్టం చేసేది ఇలాగే.

అబ్బాయికి అబ్బాయి, అమ్మాయికి అమ్మాయి

కార్ఫ్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న అమ్మాయిని అబ్బాయి అడ్డుకోకూడదు, అబ్బాయిని అమ్మాయి అడ్డుకోకూడదు. ఒక అటాకర్‌ను ఇద్దరు కలిసి అడ్డుకోవడమూ తప్పే. గాల్లో ఉన్న పాస్‌ను మాత్రం ఎవరైనా దూకి అందుకోవచ్చు.

ఈ రెండు నియమాలూ కలిసి డిఫెన్స్‌ను పూర్తిగా ఒకరికొకరు లెక్కన నడిపిస్తాయి. తన మనిషిని తానే కాయాలి, తప్పిపోతే వెనక ఆదుకునేవారు దాదాపు ఉండరు. కలిసి ఆడటం అనే పేరుతో అబ్బాయిలే బంతినంతా ఏలి, అమ్మాయిలు గీత దగ్గర నిలబడిపోయే పరిస్థితి మన బడి మైదానాల్లో మామూలు. ఇక్కడ అది కుదరదు. డిఫెన్స్ బలహీనంగా ఉన్న అమ్మాయి వైపే ఎదుటి జట్టు పాస్‌లన్నీ పోతాయి, జట్టులోని అబ్బాయి ఎంత పోటుగాడైనా చేతులు కట్టుకుని చూడటం తప్ప చేయగలిగింది లేదు. అప్పుడు అదే అబ్బాయి ఆ అమ్మాయికి అడుగులు నేర్పడానికి తనంతట తానే ముందుకు వస్తాడు. సమానత్వం మీద ఉపన్యాసాల కంటే ఈ స్వార్థం బాగా పనిచేస్తుందని ఒప్పుకోవలసిందే.

తెలుగు ఊళ్లలో ఎనిమిదో తరగతి దాటాక పీటీ పీరియడ్‌లో పిల్లలు రెండుగా చీలిపోతారు. అబ్బాయిలకు మైదానం, క్రికెట్. అమ్మాయిలకు ఓ మూల టెన్నికాయిట్, త్రోబాల్. ఆ వయసులో కొత్తగా కలిపి ఆడించబోతే ఇళ్ల నుంచి అభ్యంతరాలు రావచ్చు. ఒకరినొకరు పట్టుకోవడం, తొయ్యడం ఆటలోనే నిషేధమనీ, అమ్మాయిని కాచేది అమ్మాయేననీ తల్లిదండ్రులకు ముందే వివరిస్తే ఆ అభ్యంతరాల్లో చాలావరకు తొలగిపోతాయి. ఐదు, ఆరు తరగతుల్లోనే మొదలుపెడితే ఈ తలనొప్పే ఉండదు.

వేరే ఆటల నుంచి తెచ్చుకునే అలవాట్లు

తెలుగు బడుల్లో కార్ఫ్‌బాల్‌కు వచ్చే పిల్లలు ఖాళీ చేతులతో రారు. కబడ్డీ, ఖోఖో, బాస్కెట్‌బాల్, కొందరు నెట్‌బాల్ ఆడి వస్తారు. శిక్షకుడు మొదటి వారంలోనే ఎవరు ఏ ఆట ఆడారో అడిగి తెలుసుకుంటే, ఎవరు ఎక్కడ తప్పు చేస్తారో ముందే చెప్పగలడు.

కబడ్డీ పిల్లలకు చూపు బాగుంటుంది. కూతకొచ్చినవాడి చేతులు, కళ్లు చూస్తే మోసపోతామనీ, నడుము, తుంటి చూడాలనీ వాళ్లకు తెలుసు. కార్నర్‌లో ఆడినవాళ్లకు మోకాళ్లు వంచి బరువు ముందుపాదాల మీద ఉంచడం ఒంటబట్టి ఉంటుంది. అదంతా ఇక్కడ నేరుగా పనికొస్తుంది. చిక్కల్లా చేతులతోనే. ఎదుటివాడు దాటిపోతుంటే చెయ్యి దానంతట అదే చీలమండ మీదికో, తొడ మీదికో పోతుంది. ఇలాంటి పిల్లలకు కొన్నాళ్లపాటు రెండు చేతులూ తల మీద పెట్టుకుని డిఫెన్స్ ఆడించడం మంచి మందు. పట్టు దొరకదని తెలిశాక పాదాలు పని నేర్చుకుంటాయి.

ఖోఖో ఆడినవాళ్లు దిశ మార్చడంలో దిట్టలు. కానీ పరుగు మొదలైతే ఆపడం వాళ్లకు కష్టం. కార్ఫ్‌బాల్ డిఫెన్స్‌లో పరుగు కంటే ఆగడం ముఖ్యం.

బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవాళ్లు జోన్ డిఫెన్స్ అలవాటుతో వస్తారు. స్తంభం చుట్టూ గుమిగూడి, బంతి వచ్చిన చోటికి ఇద్దరు ముగ్గురు దూకుతారు. ఇక్కడ అలా దూకితే విజిలే. నెట్‌బాల్ ఆడిన అమ్మాయిల చిక్కు ఇంకా విచిత్రం. నెట్‌బాల్‌లో బంతి పట్టుకున్న ఆటగత్తెకు డిఫెండర్ కనీసం 0.9 మీటర్ల దూరం పాటించాలి, ఇంకా దగ్గరకు వస్తే తప్పు. కార్ఫ్‌బాల్‌లో చెయ్యి దూరం కంటే వెనక ఉంటే డిఫెన్స్ చెల్లదు. ఒక ఆటలో దూరం పాటించడం క్రమశిక్షణ, ఇంకో ఆటలో అదే బద్ధకం. నెట్‌బాల్ బాగా ఆడిన అమ్మాయి మొదట్లో కార్ఫ్‌బాల్‌లో వెనకబడితే ఆమెను తప్పుపట్టకూడదు. ఆమె శరీరం నియమం పాటిస్తోంది, కాకపోతే పక్క ఆట నియమం.

నేర్పే క్రమం

మొదటి పాఠానికి బంతి అక్కర్లేదు. పిల్లలు జంటలుగా, ఒకే ఎత్తువారు, అబ్బాయితో అబ్బాయి, అమ్మాయితో అమ్మాయి ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు కదులుతారు, రెండోవారు చెయ్యి దూరం చెడకుండా వెంట కదులుతారు. నీడ ఆటలాగే ఉంటుంది. ఉపాధ్యాయుడు ఉన్నట్టుండి "ఆగు!" అనగానే ఇద్దరూ బిగుసుకుపోవాలి. డిఫెండర్ చెయ్యి చాచి ఎదుటివారి భుజం అందితే పాయింటు. పావుగంట ఆడేసరికి పిల్లలకు ఒక సంగతి తెలుస్తుంది. కాళ్లు అడ్డంగా వేసుకుంటూ నడిస్తే పడతాం, పక్కకు జరుపుకుంటూ పోతే నిలుస్తాం.

రెండో పాఠంలో స్తంభం వస్తుంది. అదే జంట, కానీ ఇప్పుడు డిఫెండర్ ఎప్పుడూ స్తంభానికీ అటాకర్‌కూ నడుమ ఉండాలి. స్తంభం డిఫెండర్ వీపు వెనక ఉంటుంది, కనబడదు. దాని ఉనికిని చూడకుండా గుర్తుంచుకోవడం మొదట్లో అందరికీ కష్టమే. తల తిప్పి చూసుకోవడం మొదలుపెడతారు. తల తిప్పిన క్షణంలో ముఖం అటాకర్ వైపు లేదు, కాబట్టి డిఫెన్స్ చెల్లదు. నేల మీద స్తంభం చుట్టూ పెద్ద గుండ్రం గీస్తే కాలి కింది గీతే దారి చూపుతుంది. కొన్ని రోజుల తర్వాత ఆ గీత చెరిపేయాలి.

మూడోది బంతితో. అటాకర్, డిఫెండర్ కాక ఒక పాస్ ఇచ్చేవాడు, ఒక రిఫరీ. నలుగురూ పిల్లలే. పాస్ వస్తుంది, అటాకర్ షాట్ వేయడమా, పరుగెత్తడమా ఎంచుకుంటాడు. రిఫరీ పిల్లవాడు "ఓకే" అనో, "డిఫెండెడ్" అనో అరవాలి, ఎందుకో కూడా చెప్పాలి. దూరం సరిపోలేదనో, చెయ్యి ఎత్తలేదనో. ఈ నాలుగో పాత్రే ఈ పాఠానికి ప్రాణం. డిఫెండర్‌గా చేసిన తప్పు తనకు తెలియకపోయినా, రిఫరీగా నిలబడి ఇంకొకరిలో చూసినప్పుడు తెలుస్తుంది. అయిదు షాట్లకొకసారి పాత్రలు మారాలి.

షాట్‌కు సిద్ధమైన అటాకర్ దగ్గరకు చేరుకోవడం వేరే నైపుణ్యం. పాస్ గాల్లో ఉండగానే డిఫెండర్ కదలాలి, అటాకర్ చేతికి బంతి అందేసరికి చెయ్యి దూరంలో ఉండాలి. దూరంగా ఉన్నప్పుడు పెద్ద అడుగులు, దగ్గరయ్యే కొద్దీ చిన్న అడుగులు. చివర్లో పెద్ద అడుగు వేసినవాడు ఆగలేక ఎదుటివాడి మీద పడతాడు, లేదా పక్కనుంచి దాటిపోతుంటే చూస్తూ ఉండిపోతాడు. ఒక పాదం ముందు, ఒక పాదం వెనక, షాట్ వేసే చేతి వైపున్న చెయ్యి పైకి, రెండో చెయ్యి పక్కకు పాస్ దారిలో. కళ్లు అటాకర్ నడుము మీద. బంతి ఎక్కడుందో కంటి చివరతో, చెవులతో పట్టుకోవాలి. బంతినే చూస్తూ నిలబడే డిఫెండర్ మనిషిని పోగొట్టుకుంటాడు. పిల్లల్లో చాలా తరచుగా కనబడే తప్పు ఇదే, పోవడానికి చాలా కాలం పట్టేదీ ఇదే.

నాలుగో మెట్టు ఇద్దరికి ఇద్దరు. అటాకర్లు ఒకరికొకరు అడ్డంగా పరుగెత్తినప్పుడు డిఫెండర్లు ఒకరికొకరు తగులుకుంటారు. నలుగురూ అబ్బాయిలో, నలుగురూ అమ్మాయిలో అయితే డిఫెండర్లు తమ మనుషులను మార్చుకోవచ్చు. వెనక ఉన్నవాడికి మొత్తం కనబడుతుంది కాబట్టి "చేంజ్!" అని అరవడం అతని పని. అరిచాక ఇద్దరూ మారాలి. ఒక్కడే మారితే ఒక అటాకర్ ఖాళీగా మిగులుతాడు. ఒక జంట అబ్బాయిలు, ఒక జంట అమ్మాయిలు అయితే మారడానికి వీల్లేదు, ఎవరి మనిషి వెంట వాళ్లే పోవాలి. కాబట్టి అరవడానికి ముందు ఎవరు ఎవరో చూసుకోవాలి. అటాకర్ తన జట్టువాడికి మరీ ఆనుకుని పరుగెత్తి, వెంట వస్తున్న డిఫెండర్ ఆ రెండోవాడికి ఢీకొనేలా చేసి షాట్ వేస్తే అది అటాకర్ తప్పు. ఈ నియమం పిల్లలకు మొదట్లో బుర్రకెక్కదు. ఆట మధ్యలో ఆపి, ఎవరు ఎక్కడున్నారో అక్కడే నిలబెట్టి చూపించాలి.

బొమ్మలు గీసి, వరసలు కట్టించి నేర్పడం కంటే ఇలా చిన్న ఆటల్లో ఆడిస్తూ, సందర్భం వచ్చినప్పుడు ఆపి ప్రశ్న అడిగే పద్ధతికి బోధనా రంగంలో మంచి పునాది ఉంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బంకర్, రాడ్ థార్ప్ 1982లో ఆటను అర్థం చేసుకుంటూ నేర్చుకునే ఈ బోధనా నమూనాను ప్రతిపాదించారు. ముందు ఆట, అందులోంచి 'ఇప్పుడేం చేయాలి' అన్న ప్రశ్న, ఆ తర్వాతే నైపుణ్యం. కార్ఫ్‌బాల్ డిఫెన్స్‌కు ఇది అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే ఇక్కడ నైపుణ్యమంటే చాలావరకు నిర్ణయమే. అలాగని అడుగులు పూర్తిగా వదిలేస్తే కుదరదు. నిర్ణయం సరైనదైనా కాలు అందుకోకపోతే గోల్ పడిపోతుంది.

రీబౌండ్

బుట్ట లోపలి వ్యాసం దాదాపు 40 సెంటీమీటర్లు. వాడే బంతి ఫుట్‌బాల్ పరిమాణంలో ఉంటుంది. బోర్డు లేకపోవడంతో తప్పిన షాట్ అంచు తగిలి ఎటైనా ఎగరవచ్చు, అంచు తగలకుండా అవతలి పక్క పడవచ్చు. దూరం నుంచి వేసిన షాట్లు తరచుగా స్తంభానికి అవతలి వైపే పడతాయి.

షాట్ వేయగానే చిన్న పిల్లలంతా తలెత్తి బంతి బుట్టలో పడుతుందా లేదా అని చూస్తూ నిలబడిపోతారు. మొదట మాన్పించవలసింది ఇదే. షాట్ లేవగానే అందరూ "షాట్!" అని అరవాలి. ఆ అరుపుతో ప్రతి డిఫెండర్ తన మనిషి కంటే ముందు స్తంభం దగ్గరి జాగా ఆక్రమించాలి, ఆ తర్వాత బంతి చూడాలి. కాళ్లు వెడల్పుగా పెట్టి, మోచేతులు దగ్గరగా ఉంచుకుని నిలబడితే ఎవరినీ తొయ్యకుండానే జాగా నిలుస్తుంది. చేతులు చాచి వెనకవాణ్ని ఆపడం తప్పు. అటాక్ వాళ్ల మనిషి స్తంభం కిందే పాతుకుపోయి ఉంటే డిఫెండర్ అతని వెనక ఉండిపోతాడు. అప్పుడు వెనక నుంచే ఎగిరే ప్రయత్నం చేయకుండా, పక్కనుంచి చుట్టి ముందుకు రావాలి.

రీబౌండ్ పట్టాక పనైపోలేదు. బంతిని మధ్య గీత అవతల ఉన్న తమ అటాకర్లకు చేర్చాలి. ఎదుటి జట్టు అక్కడే బంతిని అడ్డుకోవడానికి చూస్తుంది. రీబౌండ్ పట్టినవాడు మొదట చూడవలసింది దగ్గర్లో ఖాళీగా ఉన్న తన జట్టువారిని, దూరపు పాస్‌ను కాదు.

జట్టుగా ఆలోచించడం

అటాక్ చేసే నలుగురు స్తంభం చుట్టూ ఎలా నిలబడ్డారన్నదాన్ని బట్టి డిఫెన్స్ మారుతుంది. నలుగురూ దూరంగా, నాలుగు వైపులా నిలబడితే స్తంభం దగ్గర ఎవరూ ఉండరు. డిఫెండర్లు తమ మనిషికీ స్తంభానికీ నడుమ నిలబడి, పరుగు షాట్ మీద కన్నేసి ఉంటే చాలు. ముగ్గురు బయట, ఒకరు స్తంభం కింద ఉంటే ఆ ఒకరు బంతి అందుకుని బయటివాళ్లకు పాస్‌లు పంచుతారు, తప్పిన షాట్లు పట్టుకుంటారు. అప్పుడు ఆ ఒకరిని కాసే డిఫెండర్‌కు ఒక ప్రశ్న ఎదురవుతుంది. స్తంభం వైపు నిలబడి షాట్ ఆపాలా, లేక ముందుకు వచ్చి బంతికీ మనిషికీ మధ్య నిలబడి పాస్ రాకుండా ఆపాలా?

ముందుకు రావడంలో లాభం, ఎదుటి అటాక్ మొత్తం కుంటుపడటం. నష్టం, తలమీదుగా ఎత్తైన పాస్ పడిందంటే వెనక ఎవరూ లేరు. చైనీస్ తైపీ, నెదర్లాండ్స్ లాంటి జట్ల స్థాయిలో బయటి ముగ్గురు డిఫెండర్లు పాస్ ఇచ్చేవాడి మీద గట్టిగా ఒత్తిడి పెట్టి, లోపలివాడు ముందుకు రావడానికి వీలు కల్పిస్తారు. బడి పిల్లలకు దీన్ని తొమ్మిదో తరగతికి ముందు నేర్పడం తొందరే. ఆ లోపు వాళ్లకు కావలసింది తమ మనిషిని పోగొట్టుకోకపోవడం. మనిషిని పోగొట్టుకునే పిల్లలకు వ్యూహం నేర్పితే, పోగొట్టుకోవడానికి మరో కారణం ఇచ్చినట్టవుతుంది.

ఎవరు ఎవరిని కాయాలన్నది పోటీకి ముందే తేల్చుకోవాలి. పొడుగువాడికి పొడుగువాడు అన్న లెక్క అన్నివేళలా సరికాదు. ఎదుటి జట్టులో పరుగు షాట్ వేసే అమ్మాయికి మన జట్టులోని వేగమైన అమ్మాయిని పెట్టాలి, ఎత్తు తక్కువైనా సరే. దూరం నుంచి షాట్ వేసేవాడికి ఓపికగా దగ్గర ఉండగలవాణ్ని పెట్టాలి. మొదటి అయిదు నిమిషాల్లో ఈ లెక్క తప్పిందని తెలిస్తే మార్చుకునే స్వేచ్ఛ పిల్లలకే ఇవ్వాలి. గీత బయటినుంచి శిక్షకుడు అరిచి మారిస్తే, ఆటగాళ్లు ఆలోచించడం మానేస్తారు.

బౌద్ధనగర్, తార్నాక పరిసరాలు

హైదరాబాద్‌లో ఈ ఆటను బడుల్లోకి తేవడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ప్రాంతం, అంటే బౌద్ధనగర్, సీతాఫల్‌మండి, తార్నాక, హబ్సిగూడ కొన్ని విషయాల్లో అనువైనది. విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యా కళాశాల ఉంది. నగరంలో దోమలగూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల కూడా ఉంది. బీపీఈడీ చదివే విద్యార్థులు బడులకు వెళ్లి పాఠాలు చెప్పే అభ్యాసం వాళ్ల కోర్సులోనే భాగం. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అంతర్ విశ్వవిద్యాలయ క్రీడల్లో కార్ఫ్‌బాల్ మిశ్రమ జట్ల పోటీగా ఉంది. ఇలాంటి శిక్షణ పొందుతున్నవారు పక్కనే ఉన్నప్పుడు, ఒక బడి కొత్త ఆట మొదలుపెట్టడానికి మనుషుల కొరత ఉండనక్కర్లేదు.

కొరతల్లా జాగాకే. బౌద్ధనగర్ గల్లీల్లోని చాలా ప్రైవేటు బడులు ఇళ్ల మధ్య, కొన్ని ఇళ్లలోనే నడుస్తాయి. ప్రార్థనకు నిలబడే సిమెంటు ముంగిలే వాటికి మైదానం. 40 మీటర్ల మైదానం వాళ్లకు అందని మాట. కానీ చిన్న పిల్లల కోసం ఒకే స్తంభంతో, నలుగురికి నలుగురుగా ఆడే చిన్న కార్ఫ్‌బాల్ రూపాలు ఉన్నాయి. బుట్టను 2.5 మీటర్లకో, 3 మీటర్లకో దించి ఆడతారు. స్తంభం నడుమ ఉండి నాలుగు వైపులా ఖాళీ ఉంటే చాలు. నిజానికి డిఫెన్స్ నేర్పడానికి ఇరుకు జాగా మేలు. అటాకర్‌కు పరుగెత్తడానికి దారి తక్కువ కాబట్టి, కొత్త డిఫెండర్‌కు ధైర్యం త్వరగా వస్తుంది.

అసలు బుట్ట దొరకనప్పుడు, అడుగు తీసేసిన వెదురు బుట్టను వాలీబాల్ పోల్‌కు గట్టిగా కట్టి మొదలుపెట్టవచ్చు. అంచు పుల్లలు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టాలి. స్తంభం కింది భాగానికి పాత పరుపు ముక్కో, స్పాంజో కట్టడం తప్పనిసరి. వెనక్కి చూడకుండా కదిలే పిల్లలు స్తంభానికి కొట్టుకోవడం ఖాయం. సిమెంటు నేల మీద డిఫెన్స్ అభ్యాసం పావుగంట దాటితే చీలమండలు, మోకాళ్లు నొప్పి పెడతాయి. మట్టి నేల దొరికిన రోజుల్లో అడుగుల పని, సిమెంటు మీద నిలకడ పని పెట్టుకోవడం తెలివైన పద్ధతి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండ ముదిరే లోపే ఆట ముగించాలి. డిఫెన్స్‌లో ఎప్పుడూ మోకాళ్లు వంచి ఉండాలి కాబట్టి అటాక్ కంటే అలసట ఎక్కువ, నీళ్ల విరామాలూ ఎక్కువ ఇవ్వాలి.

ఒక తరగతిలో నలభై, యాభై మంది ఉండటం ఇక్కడ మామూలు. ఒక స్తంభం దగ్గర ఎనిమిది మందే ఆడగలరు. మిగతావారిని గీత దగ్గర కూర్చోబెడితే అల్లరే మిగులుతుంది. ప్రతి డిఫెండర్‌కు ఒక లెక్క రాసేవాణ్ని కేటాయించి, ఎన్నిసార్లు తన మనిషి ఖాళీగా షాట్ వేశాడో, ఎన్ని షాట్లు డిఫెండెడ్ అయ్యాయో నోట్‌బుక్‌లో గీతలు గీయిస్తే, కూర్చున్నవారూ నేర్చుకుంటారు.

మార్కులు ఎలా వేయాలి

బడిలో ఆటకు మార్కులు వేయవలసి వస్తే, గోల్‌లు లెక్కపెట్టడం ఈ ఆట స్వభావానికి విరుద్ధం. ఒక గోల్ పడిందంటే అందులో ఎదుటి డిఫెండర్ పొరపాటుకు ఎంత వాటా ఉందో, షాట్ నైపుణ్యానికి ఎంత వాటా ఉందో విడదీయలేం. అభ్యాస ఆటల్లో డిఫెండెడ్ షాట్ ఒక్కోదానికి డిఫెన్స్ జట్టుకు ఒక పాయింటు ఇచ్చి, గోల్‌కు ఒకే పాయింటు ఉంచితే పిల్లల ఆట తీరు కొన్ని పీరియడ్లలోనే మారుతుంది. తొయ్యడం, చెయ్యి కొట్టడం లాంటి తప్పుకు ఒక పాయింటు కోత వేయాలి. లేకపోతే డిఫెండెడ్ పాయింట్ల ఆశతో మీద పడటం మొదలవుతుంది.

ఒక్కో పిల్లను అంచనా వేయడానికి గమనించవలసినవి కొన్నే. పాస్ గాల్లో ఉండగా కదిలిందా, చేరుకున్నాక ఆగగలిగిందా, షాట్ లేవగానే స్తంభం వైపు తిరిగిందా, "చేంజ్" అని అరిచిందా. ఇంకొకటి, రిఫరీగా నిలబడినప్పుడు తన స్నేహితురాలి గోల్‌ను డిఫెండెడ్ అని చెప్పగలిగిందా. ఈ చివరిదానికి కొందరు పీఈటీలు మార్కులు వేయరు, అది ఆట కాదని. కానీ చెయ్యి దూరాన్ని బయటినుంచి సరిగ్గా కొలవగలిగిన పిల్లే డిఫెన్స్‌లోనూ సరిగ్గా నిలబడుతుంది. కాబట్టి ఆ విజిల్‌కూ మార్కులుండాలి.